ఎండమడి హద్దు

మా గ్రోపాయ్ లోయలో చలికాలం ఎండ అందరికీ రాదు. దక్షిణాన నల్లకొమ్ము కొండ అడ్డంగా కూర్చుంది, సూర్యుడు దాని అబ్బ సొమ్ము అన్నట్టు. నవంబరు ఆఖర్లో సూర్యుడు ఆ కొండ వెనక్కి దిగాడంటే, వాగుకి ఇటుపక్కనున్న మా ఆరిళ్ళకి మళ్ళీ జనవరి సగం దాటాకే మొహం చూపిస్తాడు. అటుపక్క వాళ్ళకి మాత్రం రోజూ రెండు గంటలు ఎండ. వాళ్ళ పైకప్పుల మీద మంచు కరిగి కారుతుంటే మేం ఇటునుంచి చూస్తూ పళ్ళు కొరుక్కుంటాం. వాళ్ళని ఎండవైపు వాళ్ళంటాం, మమ్మల్ని నీడవైపు వాళ్ళంటారు. పెళ్ళి సంబంధాలు కూడా అలాగే చూస్తారు. మా అమ్మకి ఆ సంగతి తెలీదు, నన్ను నీడవైపుకి ఇచ్చింది.

ఇల్లు నీడవైపే అయినా ఎండవైపున మాకొక మడి ఉండేది. పేరు ఎండమడి. జులైలో పొద్దున్న గడ్డి కోస్తే మర్నాడు సాయంత్రానికి గలగలలాడుతూ ఎండిపోతుంది. అదే గడ్డి ఇటువైపు కోస్తే వారం రోజులు తిరగేసినా నల్లబడి కుళ్ళుతుంది, ఆవు ముక్కు పెట్టి చూసి మొహం తిప్పుకుంటుంది. ఆరు నెలల మంచులో మా మూడు ఆవులూ బతికేది ఆ మడి గడ్డి మీదే. గడ్డి లేకపోతే ఆవులుండవు. ఆవులు లేకపోతే జున్నుండదు, వెన్నుండదు, బంగాళాదుంపలకి ఎరువుండదు. ఇక మిగిలేది మూట కట్టుకుని ష్కోద్ర పట్నం దిగి ఏ తమ్ముడి వంటింట్లోనో పరుపు వేసుకోవడం. మా లోయలోంచి పదకొండు కుటుంబాలు అలాగే దిగాయి. ఎవరెవరు ఎవరి వంటింట్లో పడుకుంటున్నారో నన్నడగండి, వరసగా చెబుతాను. పన్నెండో పేరు ద్రాన కాకూడదని, అంటే నాది కాకూడదని, నేను పదిహేనేళ్ళుగా చచ్చీచెడీ కొడవలి పట్టుకున్నాను. నా మొగుడు ప్రెక్ కొండరాళ్ళు మీద దొర్లి చచ్చిపోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో నేనూ, మా మామగారు పాష్కూ, ఆ మూడు ఆవులూ.

ఎండమడి పక్కన పొలం వుక్సన్‌ది. రోడ్డు రానంత కాలం అతను మంచివాడే. రోడ్డు వచ్చింది, దాని వెంట వీపున సంచులు తగిలించుకుని పరాయిదేశం మొహాలు వచ్చాయి, అతను ఇంటికి అతిథిగృహమని బోర్డు పెట్టాడు. అతిథులకి ఎండలో బల్లలు వెయ్యాలట. అప్పుడు గుర్తొచ్చింది అయ్యగారికి హద్దు.

ఒకరోజు కంచె మీద చెయ్యి పెట్టి అన్నాడు. "వదినా, కోపం తెచ్చుకోకు. ఆ హద్దు మా నాన్న చెప్పిన చోట లేదు."

"మీ నాన్న పోయి ఎన్నేళ్ళయింది?"

"ఇరవై."

"ఇరవయ్యేళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావు మరి?"

అతను నవ్వాడు. అతని పెళ్ళాం మ్రిక దండెం మీద దుప్పట్లు ఆరేస్తూ, "మీ ఆయన బతికుండగా అడిగే ధైర్యం ఎవరికుంది అక్కా," అంది. మెత్తగానే అంది. నాకు ఒళ్ళు మండింది.

అసలు హద్దురాయి ఉంటే ఈ గొడవే లేదు. పన్నెండేళ్ళ కిందట మార్చిలో పైనుంచి మంచు విరిగి వచ్చి హద్దురాయినీ, దాని పక్కనుండే రెండు సాక్షిరాళ్ళనీ ఊడ్చుకుపోయి వాగులో పడేసింది. మిగిలింది నోటి మాటే. ప్రెక్ నాకు చెప్పింది ఇదీ: వాగు ఒడ్డున చీలిన బండ దగ్గర మొదలు, నీళ్ళు లేని ఎండువాగు దాటి సూటిగా పైకి, కొండ గోడ కింద అక్రోటు చెట్టు దాకా. వుక్సన్ చెప్పేది ఇంకోటి: ఎండువాగు దగ్గర హద్దు సూటిగా పోదు, ఎడమకి తిరుగుతుంది. సూటిగా పోతే మడి మాది. ఎడమకి తిరిగితే మాకు మిగిలేది ముళ్ళపొదలు, మేకకి కూడా చాలనంత.

ఆ ఏడు చలికాలం పోతుండగా, జూన్‌లో కొలతలవాళ్ళు వస్తారని కబురొచ్చింది. లోయంతా కొలిచి కాగితాలు రాసిస్తారట. తగువున్న చోట ఖాళీగా వదిలేస్తారట. ఖాళీగా వదిలింది ప్రభుత్వానిదట. అంటే తగువు పడితే ఇద్దరికీ దక్కదు. అందుకని ఊరి పెద్ద సోకోల్ మా ఇద్దరినీ కూర్చోబెట్టి రాకి సారా పోసి, "పాత పద్ధతిలో తేల్చుకోండి, రాయి ఎత్తించండి," అన్నాడు.

రాయి ఎత్తడమంటే మా దగ్గర ఆట కాదు. పాత హద్దు కళ్ళారా చూసిన పెద్దమనిషి ఒక రాయీ, ఒక మట్టిగడ్డా కుడి భుజం మీద పెట్టుకుంటాడు. అబద్ధం నడిస్తే ఈ రాయీ ఈ మట్టీ ఆ లోకంలో కూడా నా భుజం దిగకూడదు అని ఒట్టు పెట్టుకుని నడుస్తాడు. ఆయన నడిచిందే హద్దు. రాయి ఎత్తింది మొదలు దించేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, ముట్టుకోకూడదు, ముందుకి పోకూడదు. దించాక ఇక మాట లేదు. ఎత్తేవాడికి కళ్ళూ, చెవులూ, బుద్ధీ సరిగా ఉండాలి.

సర్కారు అందరి పొలాలూ కలిపేసి సహకార సంఘం పెట్టి గట్లన్నీ దున్నేయక ముందు హద్దు చూసినవాడు, ఇంకా ఊపిరితో ఉన్నవాడు, మా మామగారొక్కడే. ఎనభై నాలుగేళ్ళు. నా సొంత మామగారు కదా, వుక్సన్ ఒప్పుకోడనుకున్నాను. అతను చటుక్కున ఒప్పుకున్నాడు. "పాష్క్ పెద్దయ్య రాయి భుజం మీద పెట్టుకుని అబద్ధం నడవడు. నాకు చాలు," అన్నాడు. నేను లోపల నవ్వుకున్నాను. పిచ్చివాడు, తన కాళ్ళ మీద తనే గొడ్డలి వేసుకుంటున్నాడనుకున్నాను.

ఒక్కటే చిక్కు. మా మామగారికి కళ్ళు లేవు.

రెండేళ్ళుగా మెల్లిమెల్లిగా పోయాయి. వెలుగూ చీకటీ తెలుస్తుంది, అంతే. ఊళ్ళో ఎవరికీ తెలీదు. గుమ్మంలో కూర్చుని అడుగుల చప్పుడు బట్టి ఫలానావాడని పేరు పెట్టి పిలిచేవాడు. గ్లాసు చేతికందించేది నేను, చుట్ట వెలిగించేది నేను. మగవాడు, ఒకప్పుడు లోయలో వేటగాడని పేరున్నవాడు, కోడలి చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడని నలుగురికీ తెలిస్తే బతకడు. అందుకని దాచాం. ఇప్పుడింకో కారణం కూడా దొరికింది. గుడ్డివాడు ఎత్తిన రాయి చెల్లదు.

"మామయ్యా, నడవగలవా?" అనడిగాను.

చుట్ట దమ్ము లాగి పొగ వదిలాడు. "నడిపిస్తే నడుస్తాను," అన్నాడు.

ఈస్టరు వెళ్ళిన సోమవారం నుంచి మొదలుపెట్టాను. ఊరు లేవకముందే ఆయన్ని వాగు మీది చెక్క వంతెన దాటించి, చీలిన బండ దగ్గర నిలబెట్టేదాన్ని. ఎవరైనా చూస్తే, కాళ్ళు పట్టేస్తున్నాయి, నడిపిస్తున్నాను అని చెప్పేదాన్ని. మొదట్లో చెయ్యి పట్టుకుని నడిపించాను. తర్వాత వెనక నడుస్తూ లెక్క చెప్పాను. బండ నుంచి ఎండువాగుకి రెండొందల పన్నెండు అడుగులు. ఎండువాగులో గులకరాళ్ళు కాలి కింద కదులుతాయి, అదే గుర్తు. అక్కణ్ణించి సూటిగా తొంభై ఆరు అడుగులు. అక్కడ అక్రోటు చెట్టు వేరు కాలికి తగులుతుంది.

"మళ్ళీ చెప్పు మామయ్యా."

"రెండొందల పన్నెండు. గులకరాళ్ళు. తొంభై ఆరు. వేరు."

"గులకరాళ్ళ దగ్గర?"

"ఆగకుండా సూటిగా."

బడిపిల్లాడిలా అప్పజెప్పేవాడు. మే నెలాఖరుకి నేను పక్కన లేకుండా నడిచేశాడు. నేను వంతెన మీద కూర్చుని చూశాను. దారం పట్టుకుని నడిచినట్టు నడిచాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆయనకి రెండు గుడ్లు ఎక్కువ కొట్టి వేయించాను. నేను అబద్ధమేం అడగలేదు. మా హద్దు మాకు నడిచి చూపించమన్నాను, కళ్ళ సంగతొక్కటే దాచాను. దేవుడు ఈపాటి చూసీ చూడనట్టు పోడా అనుకున్నాను.

జూన్‌లో సెయింట్ ఆంథనీ పండగ మర్నాడు పెట్టుకున్నారు. ఊరంతా వాగు ఒడ్డున చీలిన బండ దగ్గర చేరింది, ఊరంటే ముప్పై మంది. మామగారికి తెల్ల చొక్కా తొడిగి, తెల్ల ఉన్ని టోపీ పెట్టాను. కొలతల ఆఫీసరు లావుపాటి మనిషి, కర్ర మీద మిషను ఒకటి పట్టుకుని చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. ముసలాయన వెనకే నడుస్తూ ఆ మిషనుతో చుక్కలు పెట్టుకుంటాడట.

సోకోల్ అడిగాడు. "పెద్దయ్యా, కళ్ళెలా ఉన్నాయి?"

మామగారు గడ్డం పైకెత్తి, "నీ మీసం నెరిసిందిరా సోకోల్. నీ పెళ్ళాం చెప్పలేదా?" అన్నాడు.

అందరూ గొల్లుమన్నారు. సోకోల్ కూడా మీసం నిమురుకుంటూ నవ్వేశాడు. గండం గడిచింది.

వుక్సన్ స్వయంగా రాయి తెచ్చి ఆయన భుజం మీద పెట్టాడు. నేను వంగి మడిలోంచి మట్టిగడ్డ తవ్వి ఇచ్చాను. మామగారు ఒట్టు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఊరు నోరు కట్టేసుకుంది, వాగు చప్పుడే మిగిలింది.

నడిచాడు. నేను మనసులో లెక్కపెట్టుకుంటూ పక్కన కొంచెం దూరంగా నడిచాను. యాభై. నూరు. నూట యాభై. ఎంత బాగా నడిచాడంటే, వుక్సన్ మొహంలో రంగు మారడం నేను చూశాను. మ్రిక శిలువ గుర్తు వేసుకుంది. రెండొందలు. రెండొందల పన్నెండు. కాలి కింద గులకరాళ్ళు కదిలాయి.

ఆగాడు. ఆగొద్దని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆగి, భుజం మీది రాయి కొంచెం పైకి తోసుకుని, ఎడమకి తిరిగాడు.

మర్చిపోయాడు, దేవుడా, ముసలాయన మర్చిపోయాడు. ఎండువాగు లోపలికి, గులకరాళ్ళ మీద, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పోతున్నాడు. వెనకే ఆఫీసరు చుక్కలు పెట్టుకుంటున్నాడు. ఒక్కొక్క చుక్కకీ నా మడి ఒక్కొక్క ముక్కే తెగిపోతోంది.

ఒక్క మాట చాలు. ఈయనకి కళ్ళు కనబడవు అంటే చాలు, రాయి చెల్లదు, మడి పోదు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ అన్నానంటే ఏమవుతుంది? గుడ్డివాడి చేత రాయి ఎత్తించిన ఇల్లు అంటారు. ఆ ఇంట్లో ఇక ఎవరూ రొట్టె తుంచరు, పీనుగ లేచినా ఎత్తడానికి రారు. ఊరందరి ముందూ ఆ ముసలాయన భుజం మీది రాయి లాగేసి, చెయ్యి పట్టుకుని నడిపించుకుపోవాలి, నేనే. ఆయన ఆ రాత్రి బతికుండడు. మ్రిక నా మొహంలోకే చూస్తోంది. నోరు తెరిచాను, గాలి మింగాను, మూసుకున్నాను. ఇప్పుడు తెలివొస్తుంది, ఇప్పుడు వెనక్కి తిరుగుతాడు అని ఆశ. తిరగలేదు. ఎండువాగు కొండ గోడకి తగిలే చోటు దాకా పోయి, చేత్తో గోడ తడిమి, రాయి దించాడు.

అయిపోయింది. వుక్సన్ పరుగెత్తుకెళ్ళి ఆయన చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. సోకోల్ టోపీ తీసి, "ఇదీ మనిషంటే. సొంత ఇంటికి నష్టమైనా నిజం నడిచాడు," అన్నాడు. అందరూ తలలూపారు. ఊపుతూనే ఒక్కొక్కళ్ళూ నాకేసి చూశారు. ఆ చూపు నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. ముసలాయన నడిచింది నిజమైతే, ఇన్నేళ్ళూ ఆ మడి మా చేతిలో ఎలా ఉంది? ఎవరో రాయి జరిపి ఉండాలి కదా. ముసలాయన కాకపోతే మా ఇంట్లో మగవాడంటే ప్రెక్ ఒక్కడే. నిలబడ్డ చోటనే నేను రాయి జరిపినవాడి పెళ్ళాన్నైపోయాను. మా దగ్గర మనిషిని చంపినవాడికైనా ఎప్పుడో క్షమాపణ దొరుకుతుంది గానీ రాయి జరిపినవాడికి దొరకదు.

ఇంటికొచ్చాం. తలుపు మూసి అడిగాను.

"మామయ్యా, లెక్క తప్పావా?"

"తప్పలేదు."

"గులకరాళ్ళు తెలియలేదా?"

"తెలిశాయమ్మాయ్. అందుకే తిరిగాను."

పొయ్యి దగ్గర ఆయనకి అలవాటైన ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. కుడి భుజం రుద్దుకుంటున్నాడు. చొక్కా మీద మట్టి మరక.

"సంఘం విడిపోయిన ఏడు రాళ్ళు మళ్ళీ పాతాం కదా," అన్నాడు. "నేనూ, వుక్సన్ వాళ్ళ నాన్నా కలిసి పాతాం, ఎండువాగు లోపల. పదిరోజులు పోయాక పొగమంచు పట్టింది, మూడు రోజులు విడవలేదు. విడిచాక చూస్తే రాయి పైనుంది, అక్రోటు చెట్టు వరసలో. సాక్షిరాళ్ళతో సహా. ప్రెక్ గోళ్ళ నిండా మట్టి. నేనడగలేదు, వాడు చెప్పలేదు. వుక్సన్ నాన్నకి అనుమానం వచ్చింది, నా మొహం చూసి ఊరుకున్నాడు. పాష్క్ కొడుకు అలాంటి పని చెయ్యడనుకున్నాడు."

"ఇన్నేళ్ళూ నువ్వూ ఊరుకున్నావు."

"ఊరుకున్నాను. గడ్డి తిన్నాను," అన్నాడు. "వాడు పోయిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. ఆ రాయి వాడి భుజం మీదుంది, ఆ లోకంలో. ఎవరో ఒకరు హద్దు సరిగా నడిస్తే తప్ప దిగదు. నడవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. వుక్సన్ అడిగాడని విని, దారి దొరికిందనుకున్నాను."

"నాకు ముందే చెప్పొచ్చుగా."

"చెబితే నన్ను వెళ్ళనిచ్చేదానివా?"

ఇచ్చేదాన్ని కాదు.

"కళ్ళు లేనివాణ్ణి," అన్నాడు. "ఎండువాగు ఎక్కడుందో నాకెలా దొరుకుతుంది? నువ్వు అడుగులు నేర్పావు. నువ్వు నేర్పకపోతే నేను ఎక్కడ తిరిగేవాణ్ణి అమ్మాయ్?"

ఈస్టరు నుంచి జూన్ దాకా, మంచుతడిలో, చలిలో, నా మడి కొయ్యడానికి కత్తి నేనే నూరి ఇచ్చానన్నమాట.

"ఆ లోకంలో వాడి భుజం తేలికైంది కదా, సంతోషమేగా," అన్నాను. "ఈ లోకంలో వాడి పేరు దొంగ అని అందరికీ చెప్పావు. నన్ను దొంగ పెళ్ళాన్ని చేశావు. చచ్చినవాడి బరువు దించావు సరే. బతికున్నదాన్ని, ఆవులకి ఏం పెట్టను? మంచు కరిగించి పెట్టనా?"

ఆయన తల దించుకున్నాడు. "నీకు కోపంగా ఉంది."

"కోపం కాదు, అసహ్యంగా ఉంది. నీ మీదా, వాడి మీదా."

"ఉండాలి," అన్నాడు. తర్వాత రొట్టె అడిగాడు. మొక్కజొన్న రొట్టె, పుల్లమజ్జిగా చేతికందించి బయటికి వచ్చేశాను. ఆవులు అరుస్తున్నాయి, పాలు పితకాల్సిన వేళ.

జులైలో ఒక పొద్దున్న వుక్సన్ వంతెన దాటి వచ్చాడు. కొత్త కాగితం జేబులో ఉంది, అంచు కనబడుతోంది. గుమ్మంలో కూర్చున్న మామగారికి వంగి దణ్ణం పెట్టి, పొగాకు పొట్లం చేతిలో పెట్టాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"వదినా, మడిలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఈ ఏడాదికి నువ్వే కోసుకో. బల్లలు వచ్చే ఏడు వేసుకుంటాను. పెద్దయ్య మొహం చూసి ఇస్తున్నాను, ఊరికే."

నవ్వుతూ అన్నాడు, జాలిగా అన్నాడు. కొడవలి అతని మొహాన విసిరి కొడదామనిపించింది. గుమ్మంలో ముసలాయన పొగాకు వాసన చూస్తూ, ఏం వినబడనట్టు కూర్చున్నాడు. లోపల పాకలో ఆవు గొలుసు లాగుతోంది.

"దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు వుక్సన్," అన్నాను.

మర్నాడు వెళ్ళి కోశాను. ఎండ బాగా కాసింది, రెండు రోజుల్లో ఎండిపోయింది. మ్రిక కాఫీ తెచ్చిచ్చింది. తాగాను.